పడమర గాలికి పచ్చపడ్డ బ్యారన్

మార్చి రెండో వారంలో ఒక సాయంత్రం పొదిలి వైపు నుంచి ఒక పొగాకు రైతు ఫోను. "సారూ, నాలుగు బ్యారన్లు బాగానే దిగినయ్. అయిదోది పచ్చ పట్టింది. ఆరోది ఇంకా ఘోరం. ఆకు ఎండనైతే ఎండింది గానీ పచ్చగానే ఎండింది. పట్టుకుంటే పొడైపోతా ఉంది."

బ్యారన్ అంటే పొయ్యి వేడితో పొగాకు ఎండబెట్టే గది, ఆ పనినే కాల్చడం అంటాం. ఒకసారి ఎక్కించి దించిన ఆకునూ బ్యారన్ అనే లెక్కపెడతాం.

నేను అడిగిన మొదటి ప్రశ్న నత్రజని గురించి. జనవరిలో ఒక జల్లు పడితే ఆ పదునుకు ఒక బస్తా ఎక్కువ వేశానని రైతు ఒప్పుకున్నాడు. ఇంకేముంది, ఎరువెక్కువై ఆకు పండలేదు, పండని ఆకు బ్యారన్‌లో పసుపు తిరగదు, రెలుపు, అంటే ఆకు కోత, వారం ఆపండని చెప్పి ఫోను పెట్టేశాను. పదిహేనేళ్లుగా పొగాకు పొలాల్లో తిరుగుతున్న నేను ఇచ్చిన ఆ సలహా తప్పు. చెట్టు మీద ఉన్న ఆకును చూడకుండా ఫోనులో వైద్యం చేస్తే ఇంతే.

మర్నాడు వెళ్లి చూస్తే చేలో తలాకు చక్కగా పండి ఉంది. కొనలు వంగి, ఆకు మీద లేత పసుపు మచ్చలు తేలి, ఈనె తెల్లబడి ఉంది. పది ఆకులు తెంపి చూస్తే ఒక్కటే కొంచెం లేతది. నిన్న నేను చెప్పినట్టు వారం ఆగి ఉంటే ఆ ఎండకు ఆకు చెట్టు మీదే మాడేది.

తేలిక నేల, ఎర్ర ఇసుక. రకం సిరి. 16×16 అడుగుల ఇటుక బ్యారన్, కట్టెల పొయ్యి, నేల మీద ఆ వేడిని లోపల తిప్పే రేకు గొట్టాలు. కాల్చేది రైతు మేనమామ. అరవై దాటిన మనిషి, నలభై సీజన్లు చూసినవాడు. ఆయన చేతిలో ఒకే ఒక థర్మామీటరు. మన బ్యారన్లలో ఇప్పటికీ ఫారెన్‌హీటే నడుస్తోంది, అందుకని ఇక్కడ రాసే డిగ్రీలన్నీ అవే.

అయిదో బ్యారన్ ఆకును వెలుగులో పెట్టి చూశాను. పచ్చ ఒకే తీరుగా లేదు. ఆకును కర్రలకు అల్లి వరసలుగా వేలాడదీస్తారు. పడమర గోడ వైపు కర్రల మీద ఆకు ముదురు పచ్చగా, గడ్డి ఎండినట్టు ఉంది. తూర్పు వైపు పై వరసల్లో ఆకు చాలావరకు పసుపే, ఈనె పక్కన మాత్రమే పచ్చ. తప్పు ఎరువుదైతే చేనంతా ఒకే ఎరువు కాబట్టి ఇలా దిక్కుల్ని బట్టి మారదు. అక్కడే నా నిన్నటి మాట వెనక్కి తీసుకున్నాను.

ఆకు బ్యారన్‌లోకి వెళ్లాక కూడా కొన్ని గంటలపాటు బతికే ఉంటుంది. ఆ బతికున్న ఆకులోనే పచ్చరంగు విరుగుతుంది, పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ పనికి వెచ్చదనం కావాలి, ఆకులో తేమా కావాలి. పసుపు తిరగకముందే తేమ లాగేస్తే కణాలు చచ్చిపోతాయి, పచ్చ ఉన్నచోటనే నిలిచిపోతుంది. ఆ తర్వాత పొయ్యి ఎంత ఎగదోసినా ఆ పచ్చ పోదు. తేమ మరీ ఎక్కువై ఆలస్యమైతే పసుపు దాటిపోయి ఆకు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ రెండిటి మధ్య ఉన్న సందు సన్నంది. జనవరిలో ఆ సందు దానంతటదే దొరుకుతుంది. మార్చిలో మనమే చేసుకోవాలి.

పెద్దాయన పద్ధతిలో తప్పేమీ లేదు, అది జనవరి పద్ధతి, అంతే. ఆకు ఎక్కించగానే పొయ్యి వెలిగించి 95కు తెచ్చి, మర్నాటికి 100 దాటించడం. జనవరిలో రాత్రి చలిగా ఉంటుంది, అడుగాకు నీరుపట్టి ఉంటుంది, అందుకని అది నడిచింది. నేను వెళ్లిన రోజు మధ్యాహ్నం 3 గంటలకు బ్యారన్ నీడలో బయటి వేడి 99. నా చేతి మీటరులో గాలి తేమ 24 శాతం. పసుపు తిరగడానికి కావలసిన వేడి 95 నుంచి 100. అంటే పగలు పొయ్యి అవసరమే లేదు. ఆయన అలవాటుగా వెలిగించాడు, మధ్యాహ్నానికి లోపల 104కు పోయింది.

"వేడి ఎక్కువైతే తగ్గించుకుంటాలే, దానికేముంది" అన్నాడు పెద్దాయన.

"వేడి సంగతి కాదు తాతా, చెమ్మ సంగతి" అన్నాను.

ఏడో బ్యారన్ అప్పటికే ఎక్కించి ఒక రాత్రి గడిచింది. దానికి రెండో థర్మామీటరు తగిలించాను. లాంతరు వత్తి ముక్క బల్బుకు చుట్టి, రెండో కొస నీళ్ల సీసాలో ముంచాను. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ తడి బల్బు అంత చల్లబడుతుంది. పాత థర్మామీటరు తలుపు పక్కన మనిషి తల ఎత్తున వేలాడుతోంది. అది తలుపు సందు గాలి వేడి చెబుతుంది గానీ ఆకు వేడి చెప్పదు. రెండిటినీ బ్యారన్ నడుమకు, కింది వరస ఆకు ఎత్తుకు మార్చాం. అరగంట ఆగి చూస్తే పొడి థర్మామీటరు 98, తడి థర్మామీటరు 84. పద్నాలుగు డిగ్రీల తేడా. లోపలి గాలి తేమ 56 శాతమన్నమాట. పసుపు తిరిగే దశలో ఈ తేడా రెండు నుంచి అయిదు డిగ్రీలు దాటకూడదు. 97, 93 ఉంటే తేమ 86 శాతం దాకా వస్తుంది.

చదువుకునే రోజుల్లో ఇదంతా పట్టికలో నేర్పారు. పొలంలో నాకు ఉపయోగపడింది కళ్లజోడు. రాత్రిపూట పసుపు తిరుగుతున్న బ్యారన్‌లోకి అడుగు పెడితే అద్దాలు మసకబారి అట్టే ఉండిపోవాలి. ఆ రాత్రి తొమ్మిదింటికి ఏడో బ్యారన్‌లోకి వెళ్తే నా అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. ముక్కుకు కూడా పచ్చిగడ్డి వాసనే తగిలింది, పసుపు తిరిగేటప్పటి తియ్యటి వాసన ఇంకా రాలేదు.

తేమ ఎక్కడికి పోతోంది? మరుసటి రోజంతా ఆ వెతుకులాటే.

మొదట తలుపు. కింద రెండు వేళ్ల సందు. ఎవరైనా చూడగలిగేది అదొక్కటే, దానికి గోనె అడ్డం పెట్టారు కూడా. అసలు దొంగ పైన ఉన్నాడు. పైకప్పు వెంటిలేటరు మూత తాడు తెగి, మూత నాలుగు వేళ్లు తెరుచుకుని ఉంది. ఎప్పటి నుంచో అట్టాగే ఉందట. పడమర గోడకూ కప్పుకూ మధ్య చూరు కింద మట్టి రాలి వెలుగు కనపడుతోంది. మార్చిలో గాలి అటు నుంచే. పడమర గాలి ఆ సందులోంచి దూరి, ఆ వైపు కర్రల్ని ఊపుకుంటూ, పై మూతలోంచి పోతోంది. ఆకు మీద కనిపించిన దిక్కుల తేడా అదే. పొయ్యి నోటి చుట్టూ గోడ పగుళ్లు సరేసరి.

రెండోది, బ్యారన్ నిండలేదు. వానలు లేక తలాకు తక్కువొచ్చింది, కర్రలు దూరం దూరంగా వేశారు. బ్యారన్‌లో తేమ ఎక్కడి నుంచో రాదు, ఆకు నుంచే రావాలి. ఆకు తగ్గితే తేమా తగ్గుతుంది, పైగా కర్రల మధ్య గాలికి బాట పడుతుంది. సగం బ్యారన్‌ను నిండు బ్యారన్ లాగా కాలిస్తే మార్చిలో ఇదే జరుగుతుంది.

మూడోది నేను ఊహించనిది. పొద్దున రెలిచిన ఆకును వేపచెట్టు కింద అల్లి, కర్రల్ని అక్కడే దండెం మీద ఉంచి, సాయంత్రం నాలుగింటికి చల్లబడ్డాక ఎక్కిస్తున్నారు. నీడే కదా అని వాళ్ల ధైర్యం. పది గంటలకు అల్లిన ఒక కర్రను తూకం వేశాను, 6.2 కిలోలు. సాయంత్రం నాలుగింటికి అదే కర్ర 5.4. ఎండ తగలకుండానే ఆకు బరువులో ఎనిమిదో వంతు పడమర గాలికి పోయింది. పచ్చాకులో నీరు నూటికి 80-85 పాళ్లు. పసుపు తిరిగే దశలో ఆ నీటిలో నాలుగో వంతుకు మించి పోకూడదన్నది నా లెక్క. ఇక్కడ బ్యారన్ గడప తొక్కకముందే అందులో సగానికి పైనే ఖర్చు చేసేశారు.

ఏడో బ్యారన్‌ను పూర్తిగా కాపాడలేమని ముందే చెప్పాను. పొయ్యి ఆర్పించి, చూరు సందులకు మన్ను పేడ కలిపి మెత్తి, నేల తడిపాం. తేడా పద్నాలుగు నుంచి ఎనిమిదికి వచ్చింది. అప్పటికే పడమర వైపు ఆకు వడిలి చచ్చింది, తక్కినది కొంత కోలుకుంది. ఆ బ్యారన్ గురించి చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

అసలు పరీక్ష ఎనిమిదోది. చివరి కోత, చెట్టు నెత్తిన ఉన్న మందపాటి ఆకు. పసుపు తిరగడానికి అన్నిటికంటే మొండికేసేది ఇదే.

తెల్లారుజామునే రెలుపు మొదలుపెట్టి, పదకొండు గంటలకల్లా ఆకంతా లోపల ఉండాలన్నది ఒప్పందం. దానికో ఇబ్బంది ఉంది, రాయకపోతే అన్యాయం. చీకట్లో తడి ఆకు రెలిస్తే ఆకు రసం, అందులోని నికోటిన్, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. ఆ వారం మంచు పెద్దగా లేకపోయినా ఒకామెకు తల తిరిగి వాంతి అయింది. పక్కన కూర్చోబెట్టి, చేతులు కడిగించి, పని మాన్పించాం. తక్కిన వాళ్లకు నిండు చేతుల చొక్కాలు ఇప్పించాను. అవి ముందు రోజే ఇప్పించి ఉండాల్సింది. ఆకు తేమ కాపాడే తొందరలో మనిషి సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

లోపల కర్రల్ని కిందా పైనా పల్చగా పరచకుండా, నాలుగు వరసల్ని దగ్గరగా నింపి మిగతా చోటు వదిలేశాం. ఆ ఖాళీ పడమర వైపు వచ్చేట్టు చూశాం. పై మూతకు కొత్త తాడు. పచ్చాకు 1,900 కిలోల దాకా ఎక్కింది.

నేల మీద ఇసుక పోసి తడిపాం. గొట్టాల పక్కన ఇటుకలు పేర్చి వాటి మీద తడి గోనెలు పరిచాం. గోనె ఆకుకు తగలకూడదు, ఆకు మీదుగా వేలాడదీయకూడదు. దాని పీచు ఆకులో కలిస్తే గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు ఒక్కొక్క పోగూ ఏరలేక చస్తారు, బేలులో దారప్పోగు కనపడితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మొదటి రాత్రి 200 లీటర్ల నీళ్లు పట్టాయి. పగలు పొయ్యి లేదు. రాత్రి పది తర్వాత రెండు చిల్లచెట్టు మొద్దులు, అంతే, 95 దిగకుండా.

తెల్లారేసరికి 97, 93. నా అద్దాలు మసకబారాయి.

రెండో రాత్రి పెద్దాయనకు భయం పట్టుకుంది. ఇంత చెమ్మలో ఆకు కుళ్లుతుందని ఆయన దిగులు, అనుభవం మీద వచ్చిన దిగులే. ఒంటిగంటకు నేను కునుకు తీస్తుంటే పై మూత పూర్తిగా ఎత్తేశాడు. రెండింటికి లేచి చూస్తే తడి థర్మామీటరు 88లో ఉంది. మూత దింపించాను. ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. అయితే మర్నాడు ఆయన భయంలో కొంత నిజం ఉందని తేలింది. కింది వరసలో గొట్టాలకు దగ్గరగా ఉన్న ఆరేడు కర్రల ఆకు పసుపు దాటి, అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. కింది వరస ఆకు ముందు పసుపు తిరుగుతుంది. నేను పై వరస ఈనెల్లో పచ్చ పోవాలని చూస్తూ గోనెలు మరో ఆరు గంటలు ఉంచేశాను. ఆ నష్టం నాది. ఆకు పసుపు తిరిగి, ఈనె పక్కన మాత్రం సన్నటి పచ్చ చారలు మిగిలినప్పుడే తడి ఆపేయాలి. ఆ చారలు రంగు నిలిపే దశలో అవే పోతాయి.

పసుపు తిరగడానికి మొత్తం 52 గంటలు పట్టింది. అయిదో బ్యారన్‌కు 34 గంటల్లో వేడి ఎక్కించారట.

అక్కడి నుంచి పని పెద్దాయనదే, నేను కూర్చుని చూశాను. గోనెలు తీసేసి, పై మూత వేలెడు తెరిచి, గంటకు ఒక డిగ్రీ చొప్పున ఎక్కించాడు. నేను అడ్డుపడింది ఒక్కచోటే. ఆకు కొన ముడుచుకుని మెత్తగా వాలేదాకా 113 దాటనివ్వలేదు. నీరున్న ఆకుకు ఆ వేడి తగిలితే ఉడికి నల్లబడుతుంది. తడి థర్మామీటరు 105 దాటకుండా చూసుకుంటూ 118, 120 దగ్గర ఆకు రెక్క ఆరేదాకా నిలిపాడు. తర్వాత ఈనె కోసం 160. అంతకు మించి 165 దాటితే ఆకులో చక్కెర మాడి ఎర్రబడుతుంది. లావు ఈనె విరిచి చూస్తూ, అన్ని మూలలా పట్‌మని విరిగేదాకా మంట ఆపలేదు. ఇందులో నేను ఆయనకు నేర్పింది ఏమీ లేదు.

ఆకు బాగా వచ్చింది. అయినా పని సగమే అయినట్టు, ఎందుకంటే బ్యారన్ దించేటప్పుడు ఆకులో దాదాపు నీరే ఉండదు. ముట్టుకుంటే గలగలమంటుంది. మామూలుగా రాత్రి తలుపులు తీసి పెడితే మంచుకు, తూర్పు గాలికి ఆకు చెమ్మ పట్టి మెత్తబడి పదునుకొస్తుంది. సముద్రం గాలి ఆ వారం పొదిలి దాకా రాలేదు. ఆరో బ్యారన్ దించేటప్పుడు రైతు తట్టుకోలేక మందు కొట్టే స్ప్రేయరు కడిగి నీళ్లు చిలకరించాడట. ఆకు మీద చుక్కలు చుక్కలుగా నల్లబడింది, మండెలో, అంటే పేర్చిన కుప్పలో, రెండోరోజుకే వేడెక్కింది. నీటి చుక్క పడిన చోట ఆకు నానుతుంది, పక్కన పెళుసుగానే ఉంటుంది. పదును గాలిలోంచి ఆవిరిగా అందాలి, చుక్కగా కాదు.

మేం ఇలా చేశాం. పొయ్యి ఆరిపోయాక ఒక పగలు అలాగే మూసి ఉంచాం. రాత్రి రెండింటికి లోపల వేడి 100 దగ్గరికి వచ్చింది. గొట్టాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. తడి గోనెల్ని ఈసారి గొట్టాల మీదే వేశాం, ఆవిరి లేచింది. పై మూత గట్టిగా మూసి, తూర్పు వైపు కింది వెంటిలేటర్లు మాత్రం తెరిచాం. ఇసుక మళ్లీ తడిపాం. నాలుగున్నరకు కింది వరస మెత్తబడింది, అయిదున్నరకు పై వరస. ఏడు లోపల ఆకంతా దించేశాం. ఎండ పొడ తగిలితే పదిహేను నిమిషాల్లో మళ్లీ పెళుసెక్కుతుంది.

పదును చూడటానికి మీటరు అక్కర్లేదు. ఆకును గుప్పిట్లో నలిపి వదిలితే చిట్లకుండా మెల్లగా విచ్చుకోవాలి. అదే ఆకు ఈనెను మొదట్లో వంచితే విరగాలి. ఈనె కూడా వంగిందంటే పదును ఎక్కువైనట్టు, అట్టా మండె వేస్తే బూజు ఖాయం. మొదట దించిన కింది వరసలో పది కర్రలు అలా ఎక్కువయ్యాయి. వాటిని కొట్టంలో విడిగా ఆరబెట్టి మండెలోకి తర్వాత చేర్చాం.

మండె చెక్కల మీద, ఈనెలు బయటికి, కొనలు లోపలికి. పైన పట్టా. రోజూ లోపలికి చెయ్యి పెట్టి చూడటం, వెచ్చగా తగిలితే తిరగవేయడం. అది అవసరం పడలేదు.

ఇక లెక్కలు. ఎనిమిదో బ్యారన్‌లో దిగిన ఆకు 285 కిలోలు. నేల ఊడ్చిన పొడి 4 కిలోలు. ఆరో బ్యారన్‌లో ఆకు తక్కువే గానీ పొడి 11 కిలోలు ఊడ్చారట. గ్రేడింగ్‌లో పచ్చ కింద పడింది ఆరోదాంట్లో సగానికి దగ్గర, ఇందులో పదో వంతు లోపు. గోధుమ రంగు తిరిగిన ఆ ఆరేడు కర్రల ఆకు వేరే. వేలంలో ఏ ధర పడిందో రైతు చెప్పాడు గానీ ఇక్కడ రాయను. ఏ రోజు ధర ఆ రోజుది, ఆ రోజు ప్లాట్‌ఫాం మీద ఎంత సరుకు ఉందో, కొనేవాళ్లు ఎందరున్నారో దాన్ని బట్టి ఉంటుంది. పచ్చాకు తగ్గిన లెక్క మాత్రం బ్యారన్‌ది.

ఖర్చు కూడా చెప్పాలి. రాత్రి మేలుకునే మనిషి ఒకరు ఎక్కువ, చీకటి కోతకు కూలి కొంచెం ఎక్కువ. పసుపు దశ పొడుగైనా కట్టె పెరిగినట్టు కనపడలేదు. పగలు పొయ్యి ఆర్పడం, సందులు పూడ్చడం ఆ తేడాను తినేశాయనుకుంటాను. అయితే కట్టె తూకం వేయలేదు కాబట్టి గట్టిగా అనను.

ఇది చదివి టంగుటూరు, సింగరాయకొండ వైపు వాళ్లు గోనెలు తడపొద్దు. అక్కడ సాయంత్రమయ్యేసరికి సముద్రం గాలి తగులుతుంది. కందుకూరు నల్లనేలల్లో ఆకు నీరు వేరు. అక్కడ నేను చూసిన బ్యారన్లు చెడింది చెమ్మ ఎక్కువై, వెంటిలేటర్లు ఆలస్యంగా తీసి. నేను చెప్పేది పొదిలి, కనిగిరి వైపు, అదీ మార్చిలో, గాలి పడమరకు తిరిగాక. ముందు రెండో థర్మామీటరు కట్టండి, తేడా చూడండి, ఆ తర్వాతే నీళ్లు.

ఆ థర్మామీటరు రైతు దగ్గరే వదిలి వచ్చాను. వారం తర్వాత పక్క పొలం వాళ్ల బ్యారన్‌కు దాన్ని పట్టుకెళ్లాడు. రాత్రి పదకొండుకు ఫోను.

"సారూ, బెమ్మాండంగా ఉంది. మీరు నాలుగు డిగ్రీలన్నారు గదా, ఇక్కడ తేడానే లేదు. రెండూ 97 చూపిస్తా ఉన్నయ్. చెమ్మ నిండుగా ఉన్నట్టేనా?"

"సీసాలో నీళ్లున్నాయా?"

కాసేపు అలికిడి లేదు. తలుపు తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు.

"లేవు సారూ. వత్తి ఎండిపోయింది."